తిట్టడానికో పేరు

నా చిన్నప్పుడు, ఇంకా బడిలో కూడా వెయ్యని వయసులో, నేను కొల్లేటిని ఒక్కణ్నే దాటాను. తాటిదోనెలో, చేతిలో దోనె తోసే గెడ తప్ప మనిషి తోడు లేకుండా, చాచిన చెయ్యి కనబడని ధనుర్మాసపు మంచులో, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి. గూడబాతులు ముందు ఎగురుతూ దారి చూపించాయి. ఏలూరులో ఉద్యోగం చేసినన్నాళ్లూ టీ బల్ల దగ్గర ఈ సంగతి చెప్పాను. పెళ్లిచూపుల్లో మా ఆవిడకీ చెప్పాను. అది విన్నాకే ఆవిడ నన్ను ఒప్పుకుందని కూడా చెబుతుంటాను. ఆవిడ కాదనదు, అవుననదు.

ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాల్సిన అవసరం మొన్న మాఘంలో, మా మనవడి బారసాల రోజున వచ్చింది.

మా వియ్యంకులది తాడేపల్లిగూడెం. కింద ఉల్లిపాయల కొట్లు, పైన ఇల్లు. హాల్లో ఉయ్యాల కట్టారు, పళ్లెంలో బియ్యం పోశారు, మా అబ్బాయి ఉంగరం పట్టుకుని కూర్చున్నాడు. మొదటి పేరు మీద ఎవరికీ పేచీ లేదు. అది మా తాతయ్య పేరు, నా పేరు కూడా, వీరరాఘవులు. పిల్లాడి దగ్గరికి వచ్చేసరికి 'వీర రాఘవ' అని కాస్త నాజూకు చేశారు. పేచీ అంతా ఆ రెండిటి మధ్య ఏం పెట్టాలన్న దగ్గరే వచ్చింది. వట్టి వీర రాఘవ అంటే ముసలి పేరులా ఉంది, మధ్యలో నప్పే పేరొకటి పడాలి అన్నారు. మా అబ్బాయి నెట్ సెంటర్‌లో గంటలు గంటలు కూర్చుని 'సాయి'కి వచ్చి ఆగాడు. వియ్యంకుడు గారికి 'ప్రణీత్' కావాలి, ఆయన ఆ మాట బంధువులందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పేసుకున్నారు. మా ఆవిడకి తిరుపతి మొక్కుంది, 'వెంకట' తప్ప ఇంకేదీ కుదరదు.

మొదట నవ్వుతూనే మాట్లాడుకున్నారు. తరవాత నవ్వులు తగ్గాయి. "మా ఇంటి ఆచారం అండీ" అని మా ఆవిడ, "మా అమ్మాయి కన్న బిడ్డ కూడానండీ" అని వియ్యపురాలు. ఈ 'అండీ'లు ఎంత మెత్తగా ఉంటే లోపల అంత గట్టిపడుతున్నట్టని గోదావరి వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పళ్లెంలో 'వీర' అని రాసి మా అబ్బాయి ఉంగరం ఎత్తి పట్టుకున్నాడు. అది అలాగే గాల్లో ఉండిపోయింది. "వర్జ్యం వచ్చేస్తోందండీ బాబూ, ఏదో ఒకటి తేల్చండి" అని పురోహితుడు గారు గడియారం వైపు చూశారు. వియ్యపురాలు కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. మా ఆవిడ చాప మీద నుంచి లేచి బాల్కనీలో కూర్చుంది. ఇంకొక్క మాట తూలితే ఈ రెండిళ్ల మధ్య రాకపోకలు ఆగిపోతాయని నాకు తెలిసిపోతోంది.

అప్పుడు మా కోడలి వైపు చూశాను. పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది. ఆమెనెవరూ అడగలేదు.

"ఏమ్మా, నువ్వేమంటావు?" అన్నాను.

"మీ ఇష్టం అండి మావయ్యగారూ."

"అది సరే. రేపు వీడు గునగునా నడుస్తూ మెట్ల దగ్గరికి పోతాడు. ఏమని పిలుస్తావు?"

ఆమె నోరు తెరిచి, నా మొహం చూసి, మూసేసుకుంది. మా కోడలు బళ్లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. అయినా ఇంటికి ఫోను వచ్చి "వీరరాఘవులు గారున్నారా" అంటే "మావయ్యగారు ఉన్నారండి" అనే గాని, నా పేరు ఎప్పుడూ ఆమె నోట రాలేదు. అలా ఉండమని మేమెవరం చెప్పలేదు, వాళ్లమ్మని చూసి నేర్చుకుని ఉంటుంది. పిల్లాణ్ని కన్నాక కూడా ఆమె 'వీడు' అనో 'బాబు' అనో అనడమే విన్నాను. అలా మూసుకున్న పెదాల్ని నేను చిన్నప్పుడు మా ఇంట్లోనే చూశాను.

"వర్జ్యానికి ముందు నేనొక సంగతి చెప్పాలి" అన్నాను. మూలన కుర్చీలో వక్క నములుతున్న మా అక్కయ్య, దెందులూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషి, "మళ్లీ గూడబాతులేనా?" అంది.

"కాదు, ఈసారి నిజం" అన్నాను.

మాది కొల్లేటి లంక. చుట్టూ నీళ్లు, మధ్యలో ఎత్తు మీద ఊరు. ఇప్పుడు కలిదిండి వైపు ఎటు చూసినా చేపల చెరువుల గట్లే కనబడతాయి గాని, అప్పుడు నీళ్లూ, నీళ్లలో మనిషెత్తు కిక్కిస గడ్డి దుబ్బులూ తప్ప ఇంకేమీ ఉండేవి కావు. నేను పుట్టకముందే మా తాతయ్య పోయారు. ఆయన పేరు నాకు పెట్టారు. పెట్టడమైతే పెట్టారు గాని, ఆ పేరుతో నన్ను పిలిచే మనిషి ఇంట్లో లేదు. మా మామ్మకి, అంటే మా నాన్నగారి అమ్మకి, అది భర్త పేరు. మా అమ్మకి మావగారి పేరు. ఇద్దరూ చచ్చినా నోటితో అనరు. మా అక్కయ్య ఒకసారి సరదాకి అని మూతి మీద దెబ్బ తింది. తండ్రి పేరు పెట్టి కొడుకుని తిట్టడం బాగోదని నాన్న 'అబ్బాయి' అనేవాడు. అదే అందరికీ అలవాటయింది. మామ్మకి ముద్దొచ్చిన రోజున మాత్రం "ఏవండీ, అన్నానికి లేవండి" అనేది, ఇల్లంతా నవ్వేది. నా మటుకు నాకు నా పేరు అబ్బాయి. వీరరాఘవులు అన్న మాట ఏడాదికోసారి తద్దినం రోజున పురోహితుడి నోట వినేవాణ్ని. అది చనిపోయిన మనిషి పేరు, పిండం పెట్టి కాకిని పిలిచే పేరు.

ఆ ధనుర్మాసంలో నాన్నా బాబాయిలూ పెంటపాడు దగ్గర మాకున్న చేలో నూర్పులకి వెళ్లారు. ఇంట్లో ఆడవాళ్లూ మేమూ ఉన్నాం. ఆ పొద్దున పొంగలి నైవేద్యానికని మామ్మ దేవుడి దగ్గర పెట్టిన బెల్లం అచ్చు నేను తీశాను. ఇక్కడ ఒప్పుకోవాలి, నేను కొల్లేరు దాటడానికి దోనె ఎక్కలేదు, బెల్లం తినడానికి ఎక్కాను. ఇంటి వెనక రాటకి కట్టిన తాటిదోనె ఉండేది. అందులో పడుకుంటే ఒడ్డు మీద నుంచి ఎవరికీ కనబడను. ఇంకాస్త దూరంగా ఉంటే ఇంకా మంచిదనుకుని తాడు విప్పాను. గెడ తీసుకోలేదు. అది నాకంటే మూడింతల పొడుగు, తీసుకున్నా ఎత్తలేను. సగం అచ్చు అయ్యాక తలెత్తి చూద్దును కదా, ఇల్లు లేదు. రాట లేదు. పైనా కిందా ఒకటే తెలుపు, ఆ తెలుపులో నేనూ దోనే.

మొదట్లో భయం వెయ్యలేదు. దోనె నిలబడే ఉందనుకున్నాను. కాసేపటికి ఒక కిక్కిస ఆకు నా చెయ్యి రాసుకుంటూ వెనక్కి పోయింది, దాని వెనక ఇంకొకటి పోయింది. అప్పుడు తెలిసింది, ఆకులు కాదు, నేను పోతున్నానని. వానలు వెనకబట్టాక కొల్లేటి నీళ్లన్నీ ఉప్పుటేరులో పడి సముద్రానికి పోతాయనీ, ఆ లాగుడులో చిక్కిన దోనె తిరిగి రాదనీ మాకు అన్నంతో పాటు చెప్పి పెంచారు. నీళ్లు చప్పుడు చెయ్యకుండా లాగుతున్నాయి. అరుద్దామంటే నోట్లో బెల్లం. ఉమ్మేద్దామంటే మనసొప్పలేదు.

ఒడ్డు మీద ఏం జరిగిందో మా మామ్మ తరవాత ఎన్నోసార్లు చెప్పింది. ఖాళీ రాట చూసి అమ్మ "అబ్బాయీ" అని కేక వేసింది. మంచులోంచి "ఓయ్" అని పలుకు వచ్చింది. మా ఇంటి వెనక ఉండే జాలరి పెద్దాయన తన దోనె తోసుకుని ఆ పలుకు వైపు పోయి, వలల దగ్గరున్న ఎవరి పిల్లాణ్నో తీసుకొచ్చాడు. మళ్లీ కేక, మళ్లీ "ఓయ్", మళ్లీ వేరే పిల్లాడు. ఆ పొద్దున కొల్లేట్లో ఉన్న ప్రతి మగపిల్లాడూ ఎవరో ఒకరికి అబ్బాయే. ఆ కేకలు నాకూ లీలగా వినపడ్డాయి గాని, నోటి నిండా బెల్లం.

ఆయనకి కోపం వచ్చింది. "పేరు పెట్టి పిలవండమ్మా! ఈ మంచులో కళ్లతో వెతకలేనండీ, గొంతు పట్టుకుని పోవాలి. వాడొక్కసారి పలికితే చాలు. మీరు పిలవలేకపోతే పేరేంటో చెప్పండి, నేనే అరుస్తాను" అన్నాడు.

అత్తా కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిల్లాడు నీళ్లలో ఉన్నాడు. పేరు నోట్లో ఉంది. రాదు. మామ్మ పెదాలు కదిలాయి, మూసుకున్నాయి. అమ్మ పెదాలూ అంతే. జాలరి పెద్దాయన గెడ నీళ్లలో పొడిచి, "పేరు లేని పిల్లాడా అండీ వీడు?" అన్నాడు.

అంతలో ఆ కేక వచ్చింది.

"వీరరాఘవులూ!"

మంచులో ఎక్కడి నుంచి వస్తోందో తెలియని కేక. మా మామ్మ గొంతు. ఆవిడ మొగుడి పేరు మొట్టమొదటిసారి ఆవిడ నోట వచ్చింది. మీరంతా అనుకుంటారు, వెంటనే నేను పలికాననీ, ఆయన వచ్చి ఎత్తుకున్నాడనీ. లేదు. నేను దోనెలో బోర్లా పడుకుని తల చొక్కాలో దాచుకున్నాను. ఎందుకంటే ఆవిడ నన్ను పిలవడం లేదు, పోయిన మా తాతయ్యని పిలుస్తోంది. పిలుస్తోందంటే ఆయన ఇక్కడే ఉన్నారు, ఈ తెలుపులోనే, నా పక్కనే ఎక్కడో. ఆయన పలుకుతారని చెవులు మూసుకున్నాను.

మళ్లీ కేక. నేను ఊపిరి బిగబట్టాను. దోనె అడుగున చేరిన నీళ్లు పొట్టకి చల్లగా తగులుతున్నాయి. గెడ నీళ్లలో పడుతున్న చప్పుడు వినిపించింది, దగ్గరికి, ఇంకా దగ్గరికి. అది జాలరి పెద్దాయనని ఇప్పుడు నాకు తెలుసు. ఆ క్షణాన అది తాతయ్య. ఒక్క మాట పలికితే ఒడ్డున ఉండేవాణ్ని. పలకలేదు. ఆ చప్పుడు నా పక్క నుంచే సాగిపోయి, పలచబడి, ఆగిపోయింది. తరవాత ఏ చప్పుడూ లేదు. నీళ్లు మాత్రం లాగుతున్నాయి.

ఆ నిశ్శబ్దం ఎంతసేపో చెప్పలేను. నా జీవితంలో అంత పొడుగు నిశ్శబ్దం మళ్లీ రాలేదు.

అప్పుడు అదే గొంతు, ఈసారి ఏడుపూ కోపమూ కలిసి, గొంతు చిరిగేట్టు లేచింది. "ఒరేయ్ వీరరాఘవులూ! ఒరేయ్ బెల్లం దొంగా! దేవుడి బెల్లం మింగి ఎక్కడ దాక్కున్నావురా! దొరికావంటే వీపు చీరేస్తాను!"

నేను తల ఎత్తాను. మా తాతయ్యని ఒరేయ్ అనే మనిషి ఈ లోకంలో లేదు. తద్దినం నాడు బూరెలు పెట్టించుకునే ఆయనకి బెల్లం దొంగిలించాల్సిన పనీ లేదు. కాబట్టి ఈ వీరరాఘవులు ఆయన కాదు. అయితే నేనే. నేను లేచి కూర్చుని, నోరు నిండా బెల్లంతో, ప్రాణమంతా పెట్టి అరిచాను.

"నేను తినలేదూ!"

దూరాన గెడ చప్పుడు మళ్లీ మొదలైంది, ఇటు తిరిగింది, నా మీదికి వచ్చింది. మంచులోంచి మొదట గెడ, తరవాత చెయ్యి, తరవాత ఆయన నవ్వు వచ్చాయి. దోనె ఒక కిక్కిస దుబ్బుకి ఆనుకుని ఆగి ఉంది. నేను దాటానని ఇన్నేళ్లు చెప్పుకున్న కొల్లేరు అంతే. మా పక్కింటి వాళ్ల పశువుల పాకకి కాస్త అవతల. కాని ఆ దుబ్బుకి అటువైపు నీళ్లు వేగంగా పోతున్నాయి. ఆయన గెడతో ఆ లోతు చూసి, నవ్వు ఆపి, నా దోనె తాడు తన నడుముకి కట్టుకున్నాడు. గూడబాతులు లేవు. ఉన్నా నాకు కనబడలేదు.

ఒడ్డున మామ్మ నన్ను రెండు దెబ్బలు కొట్టి కావలించుకుంది. అమ్మ వెనకాల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. మంచు పడలేదేమో, తరవాత ఆవిడకి గొంతు పూర్తిగా పోయింది, సైగలతోనే అన్నం పెట్టేది. చుట్టూ మూగిన జనానికి వినపడేట్టు మామ్మ అంది, "నేనే అరిచాను. నా మొగుడు, నా నోరు. ఎవరైనా ఏమైనా అనాలా?"

నాన్న నూర్పుల నుంచి వచ్చాక మామ్మ ఆయన్ని కూర్చోబెట్టి చెప్పిన మాట నాకు గుర్తుంది. పోయినవాళ్ల పేరు పెట్టుకోండి, వద్దనను. దాని పక్కన బతికున్నవాడికి ఇంకొకటి పెట్టండి. కన్నతల్లి నోరారా తిట్టలేని పేరు వాడికి చాలదు, అంది. అప్పటికే ఊరు నాకు ఆ రెండో పేరు పెట్టేసింది. నేను ఆ రోజు నుంచి బెల్లం.

తాడేపల్లిగూడెంలో ఆ హాల్లో ఇదంతా చెప్పడం ముగించాను. బాల్కనీలో నుంచి మా ఆవిడ తొంగి చూస్తోంది. వియ్యపురాలు వంటింటి గుమ్మంలో నిలబడింది. నేను కోడలి వైపు తిరిగి, "పిల్లాడు మంచులో ఉన్నాడనుకో అమ్మా. ఏమని అరుస్తావు?" అన్నాను.

ఆమె పెదాలు కదిలాయి.

"వినపడలేదు. నేను కిందికెళ్లి లారీల దగ్గర నిలబడతాను. అక్కడికి వినపడాలి."

"నాన్నగారూ, వర్జ్యం..." అన్నాడు మా అబ్బాయి. నేను మెట్లు దిగేశాను. మోకాళ్లు సహకరించకపోయినా దిగేశాను. కింద లారీలోంచి ఉల్లిపాయల బస్తాలు దింపుతున్నారు, ఇంజను ఆపలేదు. దాని వెనక్కి పోయి నిలబడ్డాను. పైనుంచి ఏమీ రాలేదు. బస్తా వెనక బస్తా దిగుతోంది. ఆ పిల్లని అందరి ముందూ ఇరకాటంలో పెట్టానా, ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయిందా, ఉన్న రెండిళ్లనీ నేనే విడగొట్టానా అనుకుంటూ బాల్కనీ వైపే చూస్తున్నాను.

"ఒరేయ్ చందూ! ఎక్కడ తిరుగుతున్నావురా! ఇంటికి రా!"

హమాలీలు బస్తాలు భుజాల మీదే ఉంచుకుని పైకి చూశారు. బాల్కనీలో మా కోడలు, రెండు చేతులూ రెయిలింగు మీద పెట్టి, మొహం ఎర్రగా చేసుకుని నిలబడి ఉంది. మా అబ్బాయి ఆమె వెనక నోరు తెరుచుకుని ఉన్నాడు. మూడేళ్ల కాపురంలో అంత గొంతు ఆమెకుందని వాడికీ తెలియదు.

"వస్తున్నానమ్మా!" అని అరిచాను. ఒక హమాలీ నన్ను ఎగాదిగా చూసి, "చందూ అంటే మీరేనా అండీ?" అన్నాడు.

పైకి వెళ్లేసరికి పళ్లెంలో పేరు పూర్తయి ఉంది. వీర చంద్ర రాఘవ. "నప్పిందండీ" అన్నారు వియ్యంకుడు గారు, కాస్త ఆలస్యంగానే అయినా. మా ఆవిడ తిరుపతి మొక్కుని పిల్లాడి గుండుతో తీరుద్దామని సర్దుకుంది. ఆ పేరు ఎప్పుడనుకున్నావమ్మా అని కోడల్ని అడిగాను. "కడుపులో ఉన్నప్పటి నుంచీ అలాగే పిలుస్తున్నానండి మావయ్యగారూ. బయటికి కాదు" అంది.

ఆ మంచు పొద్దున నుంచి నాకొక అలవాటుంది. ఎవరింట్లో పసివాడి పేరు చెప్పినా, అది బాగుందా లేదా అని చూడను. ఆ పేరుని లోపల్లోపల నీళ్ల మీదికి విసిరి, దాన్ని పట్టుకుని వాడు తిరిగి రాగలడా అని చూస్తాను. ఆ పేరుతో వాళ్లమ్మ వాణ్ని తిట్టగలదా అని చూస్తాను. అలా చూసినప్పుడల్లా నా చెవుల్లో మా మామ్మ గొంతే మోగుతుంది. జన్మంతా మూసుకున్న నోరు నా కోసం తెరిచిన మనిషి. ఆ మాటే బారసాల రోజున అందరి ముందూ అని, కళ్లు తుడుచుకుని కూర్చున్నాను.

మా అక్కయ్య వక్క ఉమ్మేసి వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"ఒరేయ్ బెల్లం, మామ్మ నోరు తెరిచిందిరా, గొంతు రాలేదు. అరిచింది అమ్మ. మామ్మ అమ్మ వీపు మీద చరుస్తూ 'తిట్టవే, ఇంకా గట్టిగా తిట్టు' అంది, నేను పక్కనే ఉన్నాను. కోడలు మావగారి పేరు పెట్టి ఒరేయ్ అందంటే ఊరు ఆవిణ్ని బతకనిచ్చేదా? అందుకని ఆ కేక తనదని చెప్పుకుంది ముసలావిడ. గొంతు పోయింది ఎవరికో నువ్వే చెప్పావు కదరా, ఆ మాత్రం తెలియలేదూ?"